గుండె వేగం తగ్గింది, కాళ్లు బరువెక్కాయి: ఇది ఫిట్‌నెసా, అలసటా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. రెండేళ్లుగా రోడ్ బైక్ తొక్కుతున్నాను. ఈ ఏడాది 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (నిర్ణీత గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు) గడువులోపే పూర్తి చేశాను. 300 అయ్యి 5 వారాలైంది. రెండు రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. సోమవారం నుంచి శనివారం దాకా తెల్లవారుజామున గ్రూపుతో కరకట్ట మీద గంటసేపు, ఆదివారం 5 గంటలు. మూడు వారాలుగా కాళ్లు బరువుగా ఉంటున్నాయి. ఇదివరకు గ్రూపు వేగం పెంచితే నా గుండె వేగం 165 దాకా వెళ్లేది, ఇప్పుడు 150 దాటడం లేదు. సగటు వేగం గంటకు 28 నుంచి 26 కిలోమీటర్లకు పడింది. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. యాప్ మాత్రం నా ఫిట్‌నెస్ 68 నుంచి 79కి పెరిగిందని చూపిస్తోంది. వాచ్ ఏమో రోజూ 72 గంటలు రికవరీ కావాలంటోంది. గుండె వేగం తగ్గితే మంచిదేగా అంటున్నారు మిత్రులు. ఏ అంకెను నమ్మాలి? పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పరికరం) కొంటే తేలుతుందా? ఇంకో 8 వారాల్లో 400 ఉంది.
– విజయవాడ పాఠకుడు

సమాధానం: మీ మిత్రుల మాట సగమే నిజం. అదే వేగంతో వెళ్తున్నప్పుడు గుండె తక్కువగా కొట్టుకుంటూ, ఒంటికి కూడా హాయిగా ఉంటే అది ఫిట్‌నెస్. మీకు వేగం పడింది, గుండె పైకి రావడం లేదు, కాళ్లు లాగుతున్నాయి, నిద్ర చెడింది. ఈ నాలుగూ కలిసి వస్తే పేరుకుపోయిన అలసటనే మొదట అనుమానించాలి. బాగా అలసిన ఒంట్లో, ఎంత గట్టిగా తొక్కినా గుండె మామూలు స్థాయికి ఎక్కదు. దీన్ని ఫిట్‌నెస్ అనుకుని ఇంకాస్త తొక్కేవాళ్లు చాలామంది. వారం రోజుల విశ్రాంతితో పోవాల్సినది నెలలకు పాకేది అలాగే.

అక్టోబరు వెళ్లి తెల్లవారుజాములు చల్లబడ్డాయి కాబట్టి గుండె వేగం తగ్గిందేమో అనే సందేహం రావచ్చు. చల్లదనం వల్ల 5, 6 బీట్లు తగ్గడం మామూలే. కానీ అప్పుడు రైడ్ తేలికగా అనిపించాలి. మీకు బరువుగా అనిపిస్తోంది.

అంకెల్లోకి వెళ్లేముందు ఒక ప్రశ్న. ఈ రెండు నెలల్లో బీపీకి కొత్త మాత్ర ఏమైనా మొదలుపెట్టారా? అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగానికి మూత పెడతాయి. అవి వాడుతుంటే ఇక్కడ గుండె వేగంతో చెప్పే లెక్కలేవీ మీకు వర్తించవు. మాత్ర మీరుగా ఆపకండి, డాక్టరుకు సైక్లింగ్ సంగతి చెప్పండి. జ్వరం వచ్చి తగ్గాక వెంటనే బైకెక్కి ఉంటే అదీ ఒక కారణమే. తొక్కేటప్పుడు ఛాతీలో బిగపట్టినట్టున్నా, కళ్లు తిరిగినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా ఈ సమాధానం పక్కన పెట్టి ముందు ఈసీజీ తీయించుకోండి.

ఇక అసలు సంగతి. ఎడ్లబండి మీద ఎన్ని బస్తాలు వేశారో బండిని చూస్తే తెలుస్తుంది. ఎద్దు ఎంత అలసిందో తెలియాలంటే ఎద్దునే చూడాలి. సైక్లింగ్‌లో కిలోమీటర్లు, వేగం, వాట్లు బస్తాల లెక్క. గుండె వేగం, ఎంత కష్టంగా అనిపించింది, పొద్దున లేవగానే ఎలా ఉంది అనేవి ఎద్దు లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అర్థం తేలుతుంది. ఒక్కదాన్నే చూస్తే మీలాగే తికమక పడాల్సి వస్తుంది.

యాప్ చెప్పే 79 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ప్రతి రైడ్‌కు ఒక లోడ్ అంకె వేస్తుంది. మీరు గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ స్థాయిలో (దీన్నే థ్రెషోల్డ్ అంటారు) సరిగ్గా గంట తొక్కితే 100. ఆ రోజువారీ అంకెలకు 42 రోజుల లెక్కతో ఒక సగటు కట్టి దానికి ఫిట్‌నెస్ అని పేరు పెడతారు. 7 రోజుల లెక్కతో కట్టిన సగటు అలసట. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది ఫామ్. రెండు సగటుల్లోనూ నిన్నటి రైడ్‌కు ఎక్కువ విలువ, పాతవాటికి క్రమంగా తక్కువ విలువ ఉంటుంది. ఉదాహరణకు రెండు అంకెలూ 70 దగ్గర ఉన్నవాళ్లు ఒక ఆదివారం 250 లోడ్ తొక్కారనుకోండి. 180 తేడాను 42తో భాగిస్తే ఫిట్‌నెస్ 4 పెరుగుతుంది, 7తో భాగిస్తే అలసట 26 దాకా పెరుగుతుంది. ఫామ్ ఒక్క రోజులో మైనస్ 20 దాటుతుంది.

ఈ ఆలోచనకు మూలం 1970ల మధ్యలో కెనడాలో ఎరిక్ బానిస్టర్ బృందం ఒక ఈతగాడి మీద కట్టిన నమూనా. దాన్ని సైక్లింగ్ పవర్ లెక్కలకు మలిచినది అమెరికా శాస్త్రవేత్త ఆండ్రూ కాగన్. లెక్కలో తప్పు లేదు, పేరే తప్పుదారి పట్టిస్తుంది. మీరు ఎంత మోశారో అది చెబుతుంది, ఎంత బలపడ్డారో దానికి తెలియదు. విశ్రాంతి లేకుండా రోజూ తొక్కితే పెరుగుతూనే పోతుంది. మీ 300 బ్రెవే కూడా ఆ 79లో ఇంకా కలిసే ఉంది. నిద్ర పట్టని రాత్రులు, క్వార్టర్ క్లోజింగ్ ఒత్తిడి ఏవీ అందులో ఉండవు.

పైగా ఆ లోడ్ అంకె సరిగా రావాలంటే మీ గరిష్ఠ గుండె వేగం, థ్రెషోల్డ్ గుండె వేగం సరిగా పెట్టి ఉండాలి. వాచ్ కొన్న రోజున వయసు కొట్టి వదిలేస్తే 220లోంచి వయసు తీసేసి 177 అనుకుంటుంది. ఆ సూత్రం మనిషికీ మనిషికీ 10 బీట్లు అటూఇటూ తప్పుతుంది. చెస్ట్ స్ట్రాప్ (ఛాతీకి కట్టుకుని గుండె వేగం కొలిచే పట్టీ) పెట్టుకుని గత ఏడాదిలో గట్టి ఎత్తు ఎక్కినప్పుడో, చివరి స్ప్రింట్‌లోనో కనిపించిన అత్యధిక అంకె ఏదో వెతికి అది పెట్టండి. థ్రెషోల్డ్‌కు, కాళ్లు తేరుకున్నాక ఒకరోజు ఒంటరిగా 30 నిమిషాలు ఆపకుండా, చివరిదాకా నిలబెట్టుకోగల గరిష్ఠ వేగంతో తొక్కి, చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం తీసుకోండి. ఇప్పుడున్న స్థితిలో ఈ టెస్టు చేయకండి, తప్పు అంకె వస్తుంది. వాచ్ చెప్పే 72 గంటలు కూడా ఈ సెట్టింగుల మీదే ఆధారపడతాయి. అన్నట్టు, 72 గంటలంటే మంచం దిగొద్దని కాదు. మళ్లీ గట్టి రైడ్‌కు సిద్ధం కావడానికి పట్టే సమయమని అర్థం. ఈజీగా తొక్కడానికి అడ్డు లేదు.

మణికట్టు మీది సెన్సర్‌ను బైక్ మీద నమ్మకండి. హ్యాండిల్‌బార్ గట్టిగా పట్టుకున్నప్పుడు, గతుకుల్లో, చలికి చర్మం బిగిసినప్పుడు అది ఉన్నదానికంటే తక్కువ చూపించగలదు. మీ 150 మణికట్టు నుంచి వచ్చిందైతే ముందు స్ట్రాప్‌తో ఒకసారి సరిచూడండి. స్ట్రాప్ ఎలక్ట్రోడ్లను తొక్కేముందు నీళ్లతో తడపాలి, లేకపోతే చెమట పట్టేదాకా మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. రైడ్ అయ్యాక మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పేరుకుంటే త్వరగా పాడవుతుంది. అంకెలు ఉన్నట్టుండి తెగిపోతుంటే బటన్ సెల్ మార్చి చూడండి.

మీకు ఇప్పుడు కావలసిన లోడ్ లెక్కకు నోట్‌బుక్ చాలు. రైడ్ ముగిశాక 30 నిమిషాలు ఆగి, మొత్తం రైడ్ ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 వరకు మార్కు వేయండి. వెంటనే వేస్తే చివరి స్ప్రింట్ ఒక్కటే గుర్తుంటుంది, అందుకే అరగంట. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే 2 లేదా 3. మాట తుంపులైతే 5. ఒకటి రెండు పదాలు మించి రాకపోతే 7. ఇక చాలు, దిగిపోతాను అనిపిస్తే 9, 10. ఆ మార్కును నిమిషాలతో గుణించండి. దాబాలో కూర్చున్న సేపు వద్దు, పెడల్ తిప్పిన సేపే. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి పరికరాలు అక్కర్లేదు, అలసటను కూడా తనలో కలుపుకుంటుంది. ఒకే దారి, ఒకే వేగం, కానీ నిద్రలేని రాత్రి తర్వాత మార్కు 4కు బదులు 6 పడుతుంది.

మీ వారాన్ని ఇందులో పెడదాం. మీరు మార్కులు రాయలేదు కాబట్టి గ్రూపు రైడ్‌కు 6 వేస్తున్నాం. 60 నిమిషాలకు 360, ఆరు రోజులకు 2160. ఆదివారం 300 నిమిషాలు, మార్కు 6, 1800. వారానికి 3960. 300 బ్రెవేలో పెడల్ తిప్పింది 15 గంటలనుకుంటే 900 నిమిషాలు, మార్కు 7, మొత్తం 6300. అంటే వారంన్నర పని ఒక్క రోజులో చేసి, రెండు రోజులే ఆగి, మళ్లీ వారానికి 3960 ఎత్తుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మీ మూడు వారాల బరువుకు మూలం ఇక్కడే కనిపిస్తోంది.

ఫోస్టర్ దీంతోపాటు ఒకేతీరుతనాన్ని కొలిచే లెక్క కూడా ఇచ్చారు. ఏడు రోజుల లోడ్ సగటును వాటి ప్రామాణిక విచలనంతో (స్టాండర్డ్ డీవియేషన్) భాగించడం. ఎక్సెల్‌లో రెండు ఫార్ములాల పని. 2 దాటితే రోజులన్నీ ఒకేలా ఉన్నాయని, తేరుకోవడానికి చోటు లేదని హెచ్చరిక. ఇక్కడ బ్రెవే తొక్కేవాళ్లకు ఒక మోసం ఉంది. మీ వారానికి సగటు 566, విచలనం 544, కాబట్టి 1.04 వస్తుంది. చూడ్డానికి భేషుగ్గా ఉంది! ఒక్క ఆదివారం అంకె మిగతా రోజులకంటే అంత పెద్దది కావడంతో విచలనం పెరిగి మిగతా ఆరు రోజుల ఒకేతీరుతనాన్ని కప్పేసింది. సోమవారం నుంచి శనివారం దాకా విడిగా చూస్తే ఆరూ 360లే, తేడా సున్నా. అందుకే మీలాంటివాళ్లు ఈ సూత్రం బదులు రెండు కంటి లెక్కలు చూసుకుంటే మేలు: వారంలో సున్నా ఉన్న రోజులెన్ని, మార్కు 3 దాటని రైడ్‌లెన్ని. మీ వారంలో రెండూ సున్నాలే.

అసలు జబ్బు ఆ గంట గ్రూపు రైడే. కాళ్లను తేర్చేంత తేలిక కాదు, కొత్త బలం తెచ్చేంత గట్టి కాదు. ఆరు రోజులూ మధ్యలో వేలాడుతోంది.

ఇప్పుడు ఎద్దును చూసే పద్ధతులు. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లివచ్చి, కాఫీ తాగకముందు, ఫోన్ చూడకముందు, పడుకుని రెండు నిమిషాలు ఆగి ఒక నిమిషం గుండె వేగం కొలవండి. రోజూ అదే సమయం, అదే భంగిమ. మీ 7 రోజుల సగటు కంటే 5 నుంచి 7 బీట్లు ఎక్కువగా వరసగా రెండు రోజులుంటే ఒంట్లో ఏదో జరుగుతోంది: జ్వరం మొదలు కావచ్చు, నీళ్లు తగ్గి ఉండవచ్చు, నిద్ర చాలకపోవచ్చు. ఒక్క రోజు పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. రాత్రి పెళ్లి భోజనం ఆలస్యంగా చేసినా పెరుగుతుంది.

హెచ్ఆర్‌వీ, అంటే బీటుకీ బీటుకీ మధ్య సమయంలో వచ్చే తేడా, ఇంకొంచెం సూక్ష్మంగా చెబుతుంది. కానీ రోజువారీ అంకె గాలిపటంలా ఊగుతుంది. 7 రోజుల సగటే చూడండి, మీ గత నెల మామూలు పరిధికి దిగువకు జారితేనే లెక్కలోకి తీసుకోండి. మీ మిత్రుడికి 80, మీకు 45 ఉందని బాధపడటం చెప్పుల సైజులు పోల్చుకోవడమే. ఇంకో మెలిక ఏమిటంటే, ఓర్పు క్రీడల్లో బాగా అలసినవాళ్లలో ఒక్కోసారి హెచ్ఆర్‌వీ పెరిగి, పొద్దున గుండె వేగం తగ్గుతుంది. వాచ్ పచ్చ రంగు చూపిస్తుంది, మెట్లెక్కితే తొడలు మండుతాయి. అప్పుడు తొడల మాటే వినండి.

మీ తికమకకు నేరుగా జవాబు చెప్పేది మాత్రం వారానికొకసారి చేసే 17 నిమిషాల టెస్టు. దక్షిణాఫ్రికా పరిశోధకులు రాబర్ట్ లాంబర్ట్స్, మైక్ లాంబర్ట్ సైక్లిస్టుల కోసం రూపొందించారు. ఇంట్లో ట్రైనర్ (బైక్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద, ఫ్యాన్ ముందు, వారంలో ఒకే రోజు, ఒకే వేళ. గరిష్ఠం 182 అనుకుంటే, గుండె వేగం 109 దగ్గర (60 శాతం) 6 నిమిషాలు, 146 దగ్గర (80 శాతం) 6 నిమిషాలు, 164 దగ్గర (90 శాతం) 3 నిమిషాలు పట్టి ఉంచాలి. తర్వాత పెడల్ ఆపి నిటారుగా కూర్చుని 90 సెకన్లు కదలకుండా ఉండాలి. ప్రతి దశలో మొదటి నిమిషం వదిలేసి మిగతా సేపటి సగటు వాట్లు, అవి లేకపోతే సగటు వేగం రాసుకోండి. దశ చివర కష్టం మార్కు వేయండి. ఆపాక మొదటి 60 సెకన్లలో గుండె ఎన్ని బీట్లు దిగిందో కూడా రాయండి. టైరును రోలర్‌కు నొక్కే రకం ట్రైనర్ అయితే ప్రతిసారీ టైరులో ఒకే గాలి, నాబ్ అన్నే చుట్లు బిగించడం తప్పనిసరి. అయినా టైరు వేడెక్కేకొద్దీ తేలికవుతుంది కాబట్టి ముందు పది నిమిషాలు ఊరికే తిప్పండి.

ఫలితం చదవడంలో తీర్పరి ఆ కష్టం మార్కు. అదే 164 గుండె వేగానికి వాట్లు పెరిగి, మార్కు తగ్గితే లేదా అలాగే ఉంటే బలపడ్డారు. వాట్లు పెరిగాయి కానీ మార్కు కూడా 6 నుంచి 8కి ఎక్కితే, 164 చేరడానికే ఒళ్లు హూనం చేసుకోవాల్సి వస్తే, అది అలసట. ఆపాక గుండె మామూలుకంటే వేగంగా దిగినా సంతోషించకండి, మార్కు ఎక్కువగా ఉంటే అదీ అలసట కిందకే వస్తుంది. వాట్లు తగ్గి గుండె త్వరత్వరగా 164కి ఎక్కేస్తుంటే ఎండ, నీళ్లు తగ్గడం, జ్వరం వంటివి వెతకండి.

మీ మొదటి వారం ఇలా ఉండాలి. రెండు రోజులు బైక్ ముట్టవద్దు. నాలుగు రోజులు 45 నిమిషాలు, మార్కు 2. ఆదివారం గంటన్నర, మార్కు 3. మొత్తం 630. గ్రూపుతో వెళ్లకండి, మాట నిలబడదు. ఎనిమిదో రోజున 17 నిమిషాల టెస్టు. మునుపటి అంకె లేదు కదా అంటారేమో. గుండె 164కి తేలికగా ఎక్కుతోందా, మార్కు 6 దగ్గర ఉందా అన్నది చాలు. ఎక్కకపోతే ఇంకో వారం అలాగే. రెండు వారాలైనా తేడా లేకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించండి. థైరాయిడ్ మందగించినా గుండె నెమ్మదించి కాళ్లు బరువెక్కుతాయి, దాన్ని ఏ యాప్ పట్టుకోలేదు.

తేరుకుంటే రెండో వారం 1800 దగ్గర ఉంచి, మూడో వారం నుంచి ఇలా: సోమ, శుక్రవారాలు సున్నా. మంగళ, గురువారాలు గంట, మధ్యలో 4 నిమిషాల గట్టి పోట్లు (గట్టిగా తొక్కే విడతలు) ఐదు, నడుమ 3 నిమిషాల తేలిక, మార్కు 7. బుధవారం గంట, మార్కు 3. శనివారం 45 నిమిషాలు, మార్కు 2. ఆదివారం 5 గంటలు, మార్కు 5కు మించకుండా. మొత్తం 2610. పాతదానికంటే మూడోవంతు తక్కువ, పని ఎక్కువ. నాలుగో వారం 3000. ఐదో వారం 1700కి దించండి. ఆరో వారంలో 9 గంటల రైడ్ ఒకటి, దానికే 2700, మిగతా రోజులన్నీ కలిపి 700. ఏడో వారం 1500, గట్టి పోట్లు మానకుండా వాటి సంఖ్య తగ్గించండి. ఎనిమిదో వారం స్టార్ట్ లైన్‌కు ముందు 500 చాలు. మొదటి వారం రెండు వారాలైతే 9 గంటల రైడ్ వదిలేయండి. 200, 300 తొక్కిన కాళ్లు అది మర్చిపోవు.

తిండి సంగతి క్లుప్తంగా. ఖాళీ కడుపుతో తెల్లవారుజామున గట్టిగా తొక్కడం కూడా ఇలాంటి అలసటే తెస్తుంది. పోట్లున్న రోజు రెండు అరటిపళ్లు తిని బయల్దేరండి. ఆదివారం గంటకు 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. రైడ్‌కు ముందు, తర్వాత బరువు చూసుకోండి. 70 కిలోల మనిషి 1.4 కిలోలకు మించి తగ్గితే నీళ్లు చాలడం లేదు, ఆ రోజు చివరి గంటల గుండె వేగాన్ని దేనితోనూ పోల్చకండి.

పవర్ మీటర్ ఇప్పుడు వద్దు. అది బస్తాలను చాలా కచ్చితంగా తూస్తుంది, మీకు లోపించింది ఎద్దు లెక్క. నోట్‌బుక్ మూడు నెలలు తప్పకుండా రాయగలిగితే అప్పుడు కొనండి. కొన్నాక ప్రతి రైడ్‌కు ముందు జీరో చేయడం (బలం పడనప్పుడు సున్నా చూపేలా సరిచేయడం), క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) పొడవు సరిగా పెట్టడం మరవకండి. ఎడమవైపు మాత్రమే కొలిచేవి దాన్నే రెట్టింపు చేసి చూపిస్తాయి, రెండు కాళ్ల బలంలో తేడా ఉంటే అంకె తప్పుతుంది. థ్రెషోల్డ్ వాట్లు 220 ఉండాల్సిన చోట 200 అని పెడితే, రెండు గంటలు 150 వాట్లతో తొక్కిన రైడ్‌కు యాప్‌లో 93కు బదులు 112 లోడ్ పడుతుంది. పదో వంతు పొరపాటు లోడ్‌లో రెట్టింపవుతుందన్నమాట.

400 గడువు 27 గంటలు, ఒక రాత్రి నిద్ర పోతుంది. అయ్యాక ఈసారి రెండు రోజులతో సరిపెట్టకండి. నాలుగు రోజులు బైక్ ముట్టకుండా, తర్వాత ఆరు రోజులు మార్కు 2 దాటకుండా ఉండి, పదకొండో రోజు 17 నిమిషాల టెస్టు చేయండి. అరచేతుల్లో తిమ్మిరి, సీటు పుండ్లు తగ్గాయో లేదో కూడా ఆ రోజే చూసుకోండి. మార్కు పాత స్థాయికి వస్తేనే గ్రూపుకు ఫోన్ చేయండి.